లాప్‌టాప్ మొరాయించినప్పుడు: ఆపరేటింగ్ సిస్టమ్ తిరిగి ఎక్కించుకోవడం, డ్రైవర్లు సరిచేసుకోవడం



పాఠం ఎలా చెప్పాలో ఈ కరదీపికలో మిగతా అధ్యాయాలు చెబుతాయి. పాఠం చెప్పే యంత్రమే పడకేస్తే ఏం చేయాలో ఈ అధ్యాయం చెబుతుంది. ఖతార్‌లో మన తరగతులు ఎక్కువగా శుక్ర, శనివారాల్లో జరుగుతాయి. లాప్‌టాప్ ఆగిపోయేది మాత్రం సాధారణంగా గురువారం రాత్రే, వర్క్‌షీట్లు ప్రింటు తీద్దామని కూర్చున్నప్పుడు. ఆ హడావిడిలో చేసే పొరపాట్లే అసలు నష్టం తెస్తాయి. కాబట్టి ఈ అధ్యాయాన్ని లాప్‌టాప్ బాగున్న రోజునే ఒకసారి చదివి పెట్టుకోండి.

ముందుగా నా అనుభవం ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట నా లాప్‌టాప్ నీలి తెర చూపించి ఆగిపోయింది. దగ్గర్లో ఉన్న ఒక రిపేరు షాపులో ఇచ్చాను. "విండోస్ పోయింది సార్, ఫార్మాట్ చేస్తే అయిపోతుంది" అన్నాడు. "సరే, చెయ్యి" అన్నాను. ఫార్మాట్ అంటే ఏమిటో నేను అడగలేదు, అందులో ఏమున్నాయో అతను అడగలేదు. సాయంత్రానికి లాప్‌టాప్ కొత్తదానిలా తిరిగొచ్చింది. నా మొదటి బ్యాచ్ పిల్లలు వర్ణమాల తొలిసారి చదివినప్పుడు తీసిన రికార్డింగులు మాత్రం పోయాయి. ఆ తర్వాత ఒక పాప వాళ్ల అమ్మ ఫోన్ చేసింది. "మాస్టారూ, నెల్లూరులో మా అమ్మకి వినిపించాలి, ఆ ఆడియో ఒకసారి పంపిస్తారా?" అని. లేదని చెప్పాల్సి వచ్చింది. మార్కుల పట్టిక మళ్లీ తయారు చేసుకోవచ్చు, పాఠం మళ్లీ టైపు చేసుకోవచ్చు. ఆరేళ్ల గొంతు మళ్లీ రాదు.

అందుకే ఈ అధ్యాయంలో మొదటి సూత్రం ఇదే: ముందు ఫైళ్లు, తర్వాతే విండోస్.

1. అసలు ఏం పాడవుతుంది?

లాప్‌టాప్‌లో మూడు పొరలు ఉంటాయని అనుకోండి. అడుగున యంత్రం: తెర, కీబోర్డు, వైఫై కార్డు, స్పీకర్లు, డిస్కు. పైన మన ఫైళ్లు, మనం వాడే ప్రోగ్రాములు. ఈ రెండింటి మధ్య పనులన్నీ నడిపించేది ఆపరేటింగ్ సిస్టమ్, అంటే మనలో చాలామందికి విండోస్.

మరి డ్రైవర్ అంటే? ఇక్కడ మనందరికీ తెలిసిన ఉదాహరణే చెబుతాను. మన కంపెనీల్లో మందూబ్ ఉంటాడు కదా. ప్రభుత్వ ఆఫీసులో పని ఉంటే మనం నేరుగా వెళ్లి కౌంటర్ దగ్గర మాట్లాడం. కాగితాలు మందూబ్‌కి ఇస్తాం, అక్కడి భాషలో, అక్కడి పద్ధతిలో పని చేయించుకొస్తాడు. డ్రైవర్ కూడా అంతే. "శబ్దం వినిపించు" అని విండోస్ చెబితే, ఆ మాటను ఫలానా కంపెనీ సౌండ్ చిప్‌కు అర్థమయ్యేలా చెప్పేది ఆ చిప్ తాలూకు డ్రైవర్. మందూబ్ సెలవులో ఉంటే కంపెనీ ఉంటుంది, ఆఫీసూ ఉంటుంది, పని మాత్రం జరగదు. విండోస్ కొత్తగా ఎక్కించాక స్పీకర్లు పలకకపోతే స్పీకర్లు పాడయ్యాయని కంగారు పడకండి. మధ్యవర్తి ఇంకా రాలేదు, అంతే.

డ్రైవర్లు విండోస్‌లో చాలా లోతుగా కూర్చుంటాయి. అందుకే ఒక్కటి తప్పుగా ఉన్నా మొత్తం యంత్రం ఆగిపోగలదు. 2024 జూలై 19న, అదీ ఒక శుక్రవారమే, ప్రపంచమంతా చూసింది ఇదే. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ తన సాఫ్ట్‌వేర్‌కు పంపిన తప్పు అప్‌డేట్ వల్ల సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెరతో ఆగిపోయాయని మైక్రోసాఫ్ట్ లెక్కగట్టింది. విమానాశ్రయాల్లో క్యూలు, ఆసుపత్రుల్లో వాయిదాలు. ఆ కంప్యూటర్లలో ఫైళ్లు పోలేదు, యంత్రాలూ చెడిపోలేదు. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి తప్పు ఫైలు ఒకటి తీసేస్తే చాలావరకు లేచి కూర్చున్నాయి. నీలి తెర కనబడగానే "అంతా పోయింది" అనుకోనక్కర్లేదని చెప్పడానికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ ఉండదు.

2. చేయి పెట్టే ముందు నాలుగు ప్రశ్నలు

(అ) ఈ లాప్‌టాప్ మీదేనా? మనలో చాలామంది ఆఫీసు లాప్‌టాప్‌తోనే తరగతి నడిపేస్తుంటారు. అది కంపెనీదైతే ఈ అధ్యాయంలో చెప్పినవేవీ చేయకండి. ఆఫీసు ఐటీ విభాగానికి చెప్పండి. కంపెనీ యంత్రాన్ని మీరే రీసెట్ చేస్తే ఉద్యోగానికే తంటా రావచ్చు.

(ఆ) ఛార్జర్ పెట్టి ఉందా? విండోస్ ఎక్కుతుండగా బ్యాటరీ అయిపోతే సగం పని సగంలో ఆగి, ఉన్న సమస్యకు ఇంకోటి తోడవుతుంది. ఇండియా నుంచి తెచ్చుకున్న ఛార్జర్ పిన్ను ఇక్కడి చదరపు పిన్నుల సాకెట్‌లో అడాప్టర్ పెట్టి వాడుతుంటే, అది వదులుగా లేదని చూసుకోండి.

(ఇ) యంత్రం వేడెక్కి ఉందా? వేసవిలో దోహా ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. పార్కింగ్‌లో ఆపిన కారు లోపల అంతకన్నా ఎక్కువ. డిక్కీలో ఉన్న లాప్‌టాప్ తెచ్చి వెంటనే ఆన్ చేస్తే తనంతట తానే ఆగిపోవచ్చు. ఒక గంట గదిలో చల్లారనివ్వండి. ఇసుక దుమ్ముతో ఫ్యాన్ మూసుకుపోయినా ఇలాగే అవుతుంది. ఇలాంటి జబ్బుకు విండోస్ మార్చడం మందు కాదు.

(ఈ) బిట్‌లాకర్ కీ ఉందా? ఇది చాలా ముఖ్యం. ఇటీవలి లాప్‌టాప్‌లలో డిస్కుకు విండోస్ తనంతట తానే తాళం వేసి ఉంచుతుంది. మరమ్మతు తెరలోకి వెళ్లగానే 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. అది లేకపోతే డిస్కులో ఫైళ్లు ఉన్నా చదవలేం. మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి ఫోన్ నుంచైనా లాగిన్ అయితే, డివైసెస్ విభాగంలో ఆ కీ సాధారణంగా కనిపిస్తుంది. ఈ రోజే చూసి, ఒక కాగితం మీద రాసి, పాస్‌పోర్టులు దాచుకునే చోట పెట్టండి. లాప్‌టాప్‌లోనే దాచుకోకండి. తాళం చెవి పెట్టెలో పెట్టి పెట్టెకు తాళం వేసినట్టు అవుతుంది.

3. ఫైళ్లను బయటికి తీయడం

విండోస్ ఇంకా తెరుచుకుంటోందా? అయితే అదృష్టమే. ఒక పెన్‌డ్రైవ్‌లోకో బయటి డిస్కులోకో ఇవి కాపీ చేయండి:

– డాక్యుమెంట్స్, పిక్చర్స్, వీడియోస్, డౌన్‌లోడ్స్. డెస్క్‌టాప్ మర్చిపోకండి. మనలో సగంమంది పాఠాలన్నీ అక్కడే ఉంటాయి.
– పిల్లల ఆడియోలు, హాజరు పట్టిక, మార్కులు.
– మీరు విడిగా ఎక్కించుకున్న తెలుగు ఫాంట్లు. సి డ్రైవ్‌లో విండోస్ అనే ఫోల్డర్‌లో ఫాంట్స్ అనే ఫోల్డర్ ఉంటుంది, అక్కడ వెతకండి.
– బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులు, బుక్‌మార్కులు. ముఖ్యంగా జూమ్, గూగుల్ ఖాతాల పాస్‌వర్డులు.
– డ్రైవర్లు. సి డ్రైవ్, విండోస్, సిస్టమ్32, డ్రైవర్‌స్టోర్, ఫైల్‌రిపాజిటరీ: ఈ వరసలో వెళ్తే వచ్చే ఫోల్డర్‌ను మొత్తంగా కాపీ చేసుకోండి. కొన్ని జీబీలు ఉంటుంది. తర్వాత ఇది ఎంత పనికొస్తుందో 6వ భాగంలో చెబుతాను.

వన్‌డ్రైవ్ వాడేవాళ్లు "అన్నీ క్లౌడ్‌లోనే ఉన్నాయి" అనుకుని ఊరుకోకండి. ఫోన్‌లో వన్‌డ్రైవ్ తెరిచి, నిన్న మార్చిన ఫైలు అక్కడ కనబడుతోందో లేదో కళ్లతో చూసుకోండి.

విండోస్ తెరుచుకోకపోతే? అప్పుడూ దారి ఉంది. లాప్‌టాప్ ఆన్ చేసి, కంపెనీ బొమ్మ రాగానే పవర్ బటన్ గట్టిగా నొక్కిపట్టి ఆపండి. ఇలా రెండు మూడుసార్లు చేస్తే విండోస్ తనంతట తానే మరమ్మతు తెర చూపిస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, కమాండ్ ప్రాంప్ట్ అని వరసగా వెళ్లండి. నల్ల కిటికీ వస్తుంది. అక్కడ నోట్‌ప్యాడ్ అనే మాటను ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి ఎంటర్ నొక్కండి. నోట్‌ప్యాడ్ తెరుచుకున్నాక ఫైల్ మెనూలో ఓపెన్ నొక్కండి. కింద ఫైలు రకం దగ్గర "ఆల్ ఫైల్స్" పెట్టండి. ఇక ఆ చిన్న కిటికీలోనే మీ ఫోల్డర్లు కనిపిస్తాయి. ఫోల్డర్ మీద కుడి క్లిక్ చేసి కాపీ అని, పెన్‌డ్రైవ్‌లోకి వెళ్లి పేస్ట్ అనండి. ఇక్కడ డ్రైవ్ అక్షరాలు మారి ఉండవచ్చు. మీ సి డ్రైవ్ ఇక్కడ డి అని కనబడినా కంగారు పడకండి. ఇంకో మాట: కాపీ అవుతున్నట్టు ఏ గీతా కనబడదు, కిటికీ బిగుసుకుపోయినట్టు ఉంటుంది. అది పని చేస్తూనే ఉంటుంది, ఓపిక పట్టండి.

డిస్కు నుంచి టకటకమని శబ్దం వస్తున్నా, ఫోల్డర్లు తెరవడానికి నిమిషాలు పడుతున్నా అక్కడితో ఆపండి. అది విండోస్ జబ్బు కాదు, డిస్కు చివరి దశ కావచ్చు. అలాంటి డిస్కు మీద విండోస్ ఎక్కిస్తే ఉన్న ఫైళ్లూ పోతాయి. డేటా వెలికితీసే నిపుణుల దగ్గరికి తీసుకెళ్లండి.

4. చిన్న మందు ముందు, పెద్ద మందు తర్వాత

జలుబుకు ఎవరూ ఆపరేషన్ చేయించుకోరు కదా. ఇక్కడా అదే వరస పాటించండి. ఒక మెట్టు పని చేయకపోతేనే తర్వాతి మెట్టు.

మొదటి మెట్టు, స్టార్టప్ రిపేర్. మరమ్మతు తెరలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో ఉంటుంది. ఫైళ్ల జోలికి పోదు.

రెండో మెట్టు, అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్. నిన్నటిదాకా బాగుండి, అప్‌డేట్ ఎక్కాక పాడైతే ఇదే సరైన మందు. సిస్టమ్ రీస్టోర్ కూడా ఇలాంటిదే. అది యంత్రాన్ని పాత తేదీ స్థితికి తీసుకెళ్తుంది. అంతకుముందు రీస్టోర్ పాయింట్ తయారై ఉంటేనే పని చేస్తుంది.

మూడో మెట్టు, విండోస్ తెరుచుకుంటూ ఉండి, అడుగడుగునా తప్పులు వస్తుంటే. విండోస్ 11 కొత్త కూర్పుల్లో సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీ అని వెళ్తే "ఫిక్స్ ప్రాబ్లమ్స్ యూజింగ్ విండోస్ అప్‌డేట్" అని ఉంటుంది. పక్కన "రీఇన్‌స్టాల్ నౌ" బటన్. ఇది ఉన్న విండోస్ మీదే కొత్త విండోస్ పరుస్తుంది. ఫైళ్లు, ప్రోగ్రాములు, సెట్టింగ్‌లు అలాగే ఉంటాయి. చాలామందికి ఈ దారి ఉందనే తెలియదు.

నాలుగో మెట్టు, రీసెట్ దిస్ పీసీ. ఇందులో రెండు ప్రశ్నలు వస్తాయి. మొదటిది "కీప్ మై ఫైల్స్" లేక "రిమూవ్ ఎవ్రీథింగ్". మొదటిదాన్నే ఎంచుకోండి. అప్పుడు మీ సొంత ఫైళ్లు ఉంటాయి, మీరు ఎక్కించుకున్న ప్రోగ్రాములు మాత్రం పోతాయి. రెండో ప్రశ్న "క్లౌడ్ డౌన్‌లోడ్" లేక "లోకల్ రీఇన్‌స్టాల్". లోకల్ అంటే లాప్‌టాప్‌లో ఉన్న విండోస్ ఫైళ్లతోనే మళ్లీ కట్టడం. ఆ ఫైళ్లే పాడై ఉంటే పని కాదు, అప్పుడు క్లౌడ్. దానికి సుమారు 4 జీబీ దిగుమతి అవుతుంది కాబట్టి ఫోన్ డేటా మీద కాకుండా ఇంటి వైఫై మీద చేయండి. రీసెట్ మార్గంలో డ్రైవర్లు చాలావరకు వాటంతట అవే తిరిగి వచ్చేస్తాయి.

కొన్ని లాప్‌టాప్‌లలో తయారీదారు దాచిపెట్టిన సొంత రికవరీ కూడా ఉంటుంది. ఆన్ చేయగానే చాలా హెచ్‌పీ యంత్రాల్లో ఎఫ్11, ఏసర్‌లో ఆల్ట్ పట్టుకుని ఎఫ్10, డెల్‌లో ఎఫ్12 మెనూ ద్వారా అక్కడికి చేరవచ్చు. లెనోవోలో చాలా మోడళ్లకు పక్కన సూదిమొన పట్టేంత చిన్న నోవో బటన్ ఉంటుంది. ఈ మార్గం యంత్రాన్ని కొన్న రోజు స్థితికి తీసుకెళ్లేది. అంటే ఫైళ్లు తుడిచిపెట్టుకుపోతాయనే అనుకుని మొదలుపెట్టండి.

5. చివరి మెట్టు: కొత్తగా ఎక్కించడం

పైవేవీ పని చేయకపోతే పెన్‌డ్రైవ్‌తో విండోస్ కొత్తగా ఎక్కించాలి. దీనికి 8 జీబీ పెన్‌డ్రైవ్, బాగున్న మరో కంప్యూటర్ కావాలి. మైక్రోసాఫ్ట్ సైటు నుంచి "మీడియా క్రియేషన్ టూల్" ఉచితంగా దింపుకుని నడిపితే అదే పెన్‌డ్రైవ్ తయారు చేస్తుంది. ఆ పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ చెరిగిపోతాయి. 3వ భాగంలో ఫైళ్లు దాచుకున్న పెన్‌డ్రైవ్ మాత్రం దీనికి వాడకండి! రెండూ ఒకేలా ఉంటే మీద చిన్న కాగితం అతికించండి.

ఇంకో పెన్‌డ్రైవ్‌లోకి రెండు డ్రైవర్లు ముందే దింపుకోండి. మీ లాప్‌టాప్ అడుగున మోడల్ పేరు ఉంటుంది, డెల్ అయితే సర్వీస్ ట్యాగ్. తయారీదారు సైటులో ఆ నంబరు కొడితే మీ యంత్రం పేజీ వస్తుంది. అక్కడి నుంచి:

ఒకటి, వైఫై డ్రైవర్. కొత్త విండోస్‌కు మీ వైఫై కార్డు తెలియకపోతే నెట్ రాదు. నెట్ లేకపోతే మిగతా డ్రైవర్లు దింపుకోలేరు. విండోస్ 11 అయితే మొదటి అమరికలోనే నెట్ అడిగి అక్కడే ఆపేస్తుంది. ఇది మర్చిపోయినవాళ్లకు ఉపాయం: ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. చాలాసార్లు నెట్ వచ్చేస్తుంది.

రెండు, స్టోరేజ్ డ్రైవర్. ఇంటెల్ 11వ తరం, ఆ తర్వాతి ప్రాసెసర్లు ఉన్న చాలా లాప్‌టాప్‌లలో ఇన్‌స్టాలర్‌కు డిస్కు కనిపించదు. "డిస్కు లేదు" అన్నట్టు ఖాళీ జాబితా చూపిస్తుంది. డిస్కు చెడిపోలేదు. ఇంటెల్ రాపిడ్ స్టోరేజ్, అంటే వీఎండీ డ్రైవర్ కావాలి. దాన్ని విప్పి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని, అదే తెరలో "లోడ్ డ్రైవర్" నొక్కి చూపిస్తే డిస్కు ప్రత్యక్షమవుతుంది. ఇది తెలియక కొత్త డిస్కు కొనేసినవాళ్లున్నారు.

ఎక్కించేటప్పుడు గుర్తుంచుకోవాల్సినవి:

– ప్రోడక్ట్ కీ అడిగితే "ఐ డోంట్ హావ్ ఏ ప్రోడక్ట్ కీ" నొక్కండి. విండోస్‌తో కొన్న లాప్‌టాప్‌కు లైసెన్స్ యంత్రంలోనే నమోదై ఉంటుంది. నెట్ రాగానే గుర్తుపడుతుంది. ముందున్నది హోమ్ అయితే హోమ్, ప్రో అయితే ప్రో ఎంచుకోవాలి.
– డిస్కు భాగాల జాబితాలో విండోస్ ఉన్న భాగాన్నే ఎంచుకోండి. డి డ్రైవ్‌లో పాఠాలుంటే దాని మీద డిలీట్ నొక్కకండి. పరిమాణం చూసి గుర్తుపట్టండి. అనుమానం వస్తే ఆపేసి, తెలిసినవాళ్లకు ఫోటో పంపి అడగండి. సిగ్గు పడాల్సిన పనేం లేదు.
– కీబోర్డు అడిగినప్పుడు ఇంగ్లీషు ఎంచుకోండి. ఇక్కడ కొన్న లాప్‌టాప్‌ల మీద అరబిక్ అక్షరాలు కూడా ఉంటాయి. రెండు కీబోర్డులూ పెట్టుకుంటే ఎడమ ఆల్ట్, షిఫ్ట్ కలిపి తగిలినప్పుడు భాష మారిపోతుంది. పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా తప్పంటుంది. అలాంటప్పుడు తెర మూలన ఉన్న భాష గుర్తు చూడండి.
– సమయ మండలం దోహాకు మార్చండి. కొత్త విండోస్ కొన్నిసార్లు అమెరికా సమయం చూపిస్తుంది. ఆ గడియారాన్ని నమ్మి పంపిన జూమ్ ఆహ్వానంతో పిల్లలెవరూ రారు. ఇండియాలోని అతిథితో తరగతి ఉంటే వాళ్ల గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుందని గుర్తుంచుకోండి.

పాత లాప్‌టాప్ ఉన్నవాళ్లకు ఒక మాట. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. కాబట్టి వీలైతే విండోస్ 11 ఎక్కించండి. దానికి టీపీఎం 2.0, కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్కు, ఇంటెల్‌లో అయితే సుమారుగా 8వ తరం ప్రాసెసర్ నుంచి కావాలి. అంతకన్నా పాత యంత్రమైతే బలవంతంగా ఎక్కించకండి. దాన్ని పిల్లల వివరాలు లేని పనులకు, ప్రొజెక్టర్‌కు తగిలించి బొమ్మలు చూపడానికి వాడుకోండి.

6. డ్రైవర్లు: ఏ వరసలో, ఎక్కడి నుంచి

విండోస్ ఎక్కింది. తెర మీద అక్షరాలు లావుగా ఉన్నాయి, శబ్దం లేదు, టచ్‌ప్యాడ్‌తో రెండు వేళ్ల స్క్రోలింగ్ రావడం లేదు. ఇది మామూలే.

ముందు నెట్ రప్పించండి. తర్వాత సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ నడపండి, రీస్టార్ట్ చేసి మళ్లీ నడపండి. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో ఆప్షనల్ అప్‌డేట్స్ అని ఉంటుంది, అందులో డ్రైవర్లు ఉంటే టిక్ పెట్టి ఎక్కించండి. సగానికి పైగా పని ఇక్కడే అయిపోతుంది.

మిగిలినవాటికి తయారీదారు సైటుకు వెళ్లండి. మొదట చిప్‌సెట్, తర్వాత గ్రాఫిక్స్, ఆడియో, చివరగా టచ్‌ప్యాడ్, బ్లూటూత్, కెమెరా వంటివి. చిప్‌సెట్ ముందు ఎందుకంటే, మిగతా భాగాలన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారి అదే.

ఇప్పుడు స్టార్ట్ బటన్ మీద కుడి క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి. పసుపు త్రికోణం ఉన్న పేరు ఏదైనా కనబడిందా? దానికి మధ్యవర్తి లేడన్నమాట. "అన్‌నోన్ డివైస్" అని ఉంటే దాని మీద రెండుసార్లు నొక్కి, డీటెయిల్స్‌లో హార్డ్‌వేర్ ఐడీస్ చూడండి. వెన్ అనే అక్షరాల పక్కన నాలుగు గుర్తులు ఉంటాయి. అది తయారీదారు సంఖ్య. 8086 అయితే ఇంటెల్, 10డీఈ అయితే ఎన్‌విడియా, 1002 అయితే ఏఎండీ, 10ఈసీ అయితే రియల్‌టెక్. ఇంటి పేరు తెలిస్తే మనిషిని పట్టుకోవడం తేలిక కదా.

3వ భాగంలో కాపీ చేసి పెట్టిన ఫోల్డర్ ఇక్కడ పనికొస్తుంది. పసుపు త్రికోణం ఉన్న పేరు మీద కుడి క్లిక్, అప్‌డేట్ డ్రైవర్, "బ్రౌజ్ మై కంప్యూటర్" నొక్కి ఆ ఫోల్డర్‌ను చూపండి. లోపలి ఫోల్డర్లు కూడా వెతకమనే టిక్ ఉంచండి. మీ పాత డ్రైవర్ దొరికితే తనే ఎక్కించుకుంటుంది.

ఏ లక్షణానికి ఏ డ్రైవర్ అన్నది క్లుప్తంగా:

– అక్షరాలు లావుగా ఉన్నాయి, తెర వెలుగు మారడం లేదు: గ్రాఫిక్స్.
– శబ్దం లేదు, మైకు లేదు: ఆడియో. డ్రైవర్ ఉన్నా మైకు రాకపోతే సెట్టింగ్స్‌లో ప్రైవసీ కింద మైక్రోఫోన్ అనుమతి చూడండి.
– హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీకి కలిపితే బొమ్మ వస్తుంది, శబ్దం రాదు: టీవీని శబ్ద పరికరంగా ఎంచుకోండి. జాబితాలో టీవీ పేరే లేకపోతే గ్రాఫిక్స్.
– కెమెరా నల్లగా ఉంది: ముందు కెమెరా మీద ఉండే చిన్న మూత జరిపి చూడండి. నవ్వకండి, సగం కేసులు అదే.

"మీ డ్రైవర్లన్నీ ఒక్క క్లిక్‌తో" అని ఊరించే ప్రోగ్రాములను దింపుకోకండి. అనవసరమైన డ్రైవర్లు, ప్రకటనలు, ఒక్కోసారి వైరస్‌లు కూడా వాటితో వస్తాయి.

7. తెలుగు తిరిగి వచ్చిందా?

ఏ కంప్యూటర్ షాపువాడూ చూడని మెట్టు ఇది. మనకు మాత్రం ఇదే అసలు.

సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్ కింద తెలుగు భాషను చేర్చండి. కీబోర్డుల్లో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ ఉంటుంది. ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి తెలుగు తెచ్చుకునే అలవాటు ఉంటే తెలుగు ఫొనెటిక్ కూడా చేర్చుకోండి. విండోస్ మీట, స్పేస్‌బార్ కలిపి నొక్కితే భాష మారుతుంది.

కొత్త విండోస్‌లో తెలుగు చూపించేది నిర్మలా యూఐ అనే ఫాంటు. పాత వర్క్‌షీట్లు గౌతమిలోనో, వాణిలోనో చేసి ఉంటే అవి వేరే రూపంలో కనబడి, పేజీలో సరిపోయిన పాఠం రెండో పేజీలోకి జారిపోతుంది. ఈ రెండు ఫాంట్లూ ఇప్పుడు మొదటే రావు. ఆప్షనల్ ఫీచర్స్‌లో "తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్" అని ఉంటుంది, దాన్ని చేర్చండి. మండలి, రామభద్ర, మల్లన్న, సూరన్న వంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి.

అను ఫాంట్లలో టైపు చేసిన పాఠాలుంటే ఇంకొంచెం జాగ్రత్త. అవి యూనికోడ్ కావు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చోబెట్టిన పద్ధతి అది. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే అర్థం లేని ఇంగ్లీషు గుర్తులు కనిపిస్తాయి. ఫైలు పాడైందనుకుని చెరిపేయకండి. ఫాంటు ఎక్కిస్తే పాఠం మళ్లీ కనబడుతుంది. ఆ సాఫ్ట్‌వేర్ తాలూకు లైసెన్స్, ఇన్‌స్టాలర్ జాగ్రత్తగా ఉంచుకోండి. తీరిక దొరికినప్పుడు ఆ పాఠాలను యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు, గుణింతాలు సరిగ్గా వచ్చాయో లేదో చదివి చూడండి. ప్రతి పాఠానికీ ఒక పీడీఎఫ్ కూడా చేసి పెట్టండి. ఫాంటు సాధారణంగా అందులోనే ఇమిడిపోతుంది కాబట్టి ఏ యంత్రంలోనైనా చదవవచ్చు.

చివరి పరీక్షగా ఒక ఖాళీ పేజీలో ఈ మాటలు కొట్టండి: స్త్రీ, జ్ఞానం, లక్ష్మి, రాష్ట్రం, వాఙ్మయం. ఐదూ విడిపోకుండా, డబ్బాలు కాకుండా వస్తే మీ లాప్‌టాప్‌కు తెలుగు వచ్చేసినట్టే.

8. షాపుకు ఇవ్వాల్సి వస్తే

అన్నీ మనమే చేసుకోవాలని లేదు. షాపులో ఇచ్చేటప్పుడు మాత్రం మూడు పనులు చేయండి. పిల్లల ఫోటోలు, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు ఉన్న ఫైళ్లను వీలైతే ముందే తీసేసి ఇవ్వండి. అవి మనల్ని నమ్మి ఇచ్చినవి. "నా ఫైళ్లు కావాలి, నన్ను అడగకుండా ఫార్మాట్ చేయొద్దు" అని నోటితో చెప్పి ఊరుకోక, రసీదు మీద రాయించుకోండి. తిరిగి తీసుకునేటప్పుడు అక్కడే ఆన్ చేసి శబ్దం, కెమెరా, వైఫై, విండోస్ యాక్టివేషన్ చూసుకోండి.

9. ఈ రోజే చేయాల్సినవి

ఈ పేజీ మూయకముందే, లాప్‌టాప్ బాగుండగానే:

– బిట్‌లాకర్ కీ కాగితం మీద రాసుకోండి.
– లాప్‌టాప్ మోడల్, సీరియల్ నంబరు ఫోన్‌లో ఫోటో తీసుకోండి.
– వైఫై డ్రైవర్ ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టండి.
– పాఠాలు, ఆడియోలు మూడు చోట్ల ఉంచండి: లాప్‌టాప్‌లో ఒకటి, బయటి డిస్కులో ఒకటి, క్లౌడ్‌లో ఒకటి. పిల్లల ఆడియోలు వాళ్ల తల్లిదండ్రులకు కూడా ఏ నెలకు ఆ నెల పంపేయండి.

ఈ చివరిది నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. ఇప్పుడు నా తరగతిలో ఏ బిడ్డ ఏం చదివినా ఆ రాత్రికే వాళ్ల ఇంటికి చేరుతుంది, అక్కడి నుంచి నెల్లూరుకో, నిజామాబాద్‌కో వెళ్తుంది. నా లాప్‌టాప్ రేపు మళ్లీ ఆగిపోయినా విండోస్ ఎక్కించుకుంటాను, డ్రైవర్లు వెతుక్కుంటాను, ఒక సాయంత్రం పోతుంది. అంతకుమించి ఏమీ పోదు. మీకూ అంతకుమించి పోకూడదనే ఇదంతా రాశాను.